ఫ్లాటు ఎంచుకునే ముందు గీయాల్సిన బొమ్మలు

హైదరాబాద్

ఒరే రమణా,

నువ్వూ చెల్లెమ్మా చూసొచ్చిన ఫ్లాట్ల షీటు అందింది. ముందు ఆ చివర ఉన్న ‘మొత్తం మార్కులు’ కాలమ్ తీసెయ్‌రా. ఒకదానికి 71, ఇంకోదానికి 69 వచ్చిందంటే నీకేం తెలిసినట్టు? ఏది వదులుకుంటే ఏది దక్కుతోందన్న సంగతిని ఆ అంకె మింగేస్తుంది. బొమ్మ గీసేదే ఆ సంగతి కంటికి కనబడాలని.

మొదట ధరలన్నీ ఒకే కొలతలోకి తే. బిల్డర్లు రేటు చెప్పేది సూపర్ బిల్టప్ మీద, అంటే మెట్లు, లిఫ్టు లాంటి ఉమ్మడి జాగాలో వాటా కూడా కలిపి. నువ్వు కార్పెట్ ఏరియాతో, అంటే ఇంటి లోపల వాడుకునే నేలతో భాగించు, 2016 నాటి స్థిరాస్తి చట్టం రెరాలో దానికి నిర్వచనం ఉంది. 90 లక్షలకు 1,500 చదరపుటడుగులంటే అడుగు రేటు 6,000. 86.8 లక్షలకు 1,400 అంటే 6,200. మొదటిదే చవక అనిపిస్తుందా? కార్పెట్ 1,050, 1,090 అయితే అసలు రేట్లు 8,571, 7,963. లెక్క తిరగబడింది చూడు.

ఇప్పుడు గూగుల్ షీట్స్‌లో స్కాటర్ చార్ట్ పెట్టు. అడ్డంగా ఆఫీసుకు పట్టే సమయం, నిలువుగా కార్పెట్ రేటు, ఒక్కో ఫ్లాటుకు ఒక్కో చుక్క. సోమవారం ఉదయం 9కి బయల్దేరినట్టు గూగుల్ మ్యాప్స్‌లో పెడితే తక్కువలో తక్కువ ఎంత, ఎక్కువలో ఎక్కువ ఎంత అని రెండంకెలిస్తుంది. సగటు తీయకు, ఆ రెండింటి మధ్యా గీత గియ్యి. నాగోల్–రాయదుర్గం మెట్రో పక్కనున్న ఫ్లాట్లకు ఆ గీత పొట్టిగా వస్తుంది. రోజూ ఒకే వేళకు ఇల్లు చేరడం నీకు ముఖ్యమైతే చూడాల్సింది ఆ పొట్టితనాన్నే. రేటులోనూ సమయంలోనూ ఇంకోదానికి ఓడిపోయిన చుక్కను బూడిద రంగులోకి మార్చు. చెరిపెయ్యొద్దు, నీళ్ల దగ్గర అదే గెలవచ్చు.

నీళ్లంటే ట్యాంకర్ల ఖర్చు. దాన్ని నెలనెలా, ఏడాది పొడుగునా ఒక గీతగా గియ్యి. ఎండాకాలం బిల్లులే అడిగి ఊరుకోకు. పేలిపోయిన అంతరిక్ష నౌక ఛాలెంజర్ ప్రయోగానికి ముందు రాత్రి, 1986 జనవరి 27న జరిగింది ఇలాంటిదే. రాకెట్ అతుకుల్లోని రబ్బరు సీళ్లు, అవే ఓ-రింగులు, దెబ్బతిన్న ప్రయోగాలనే చూస్తే చలికీ నష్టానికీ లంకె కనబడలేదు. ఏమీ కాని ప్రయోగాలన్నీ 66 డిగ్రీల ఫారన్‌హీట్, ఆపైన జరిగినవే. వాటినీ కలిపి గీసుంటే లంకె ఇట్టే బయటపడేది. అందుకని ట్యాంకర్ రాని నెలకు సున్నా పెట్టు, తెలియని నెల ఖాళీగా ఉంచు. ఈ రెండూ కలిసిపోతే గీత అబద్ధమాడుతుంది.

పటం దగ్గర మాత్రం తొందరపడకురా. పటాలు గీసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ ఉచితం. ఫ్లాట్ల అక్షాంశ రేఖాంశాలు సీఎస్‌వీ (కామాలతో విడదీసిన పట్టిక) ఫైల్లో పెట్టి తెరువు. ఎక్స్ అంటే రేఖాంశం, మనకు 78.5 దగ్గర. వై అంటే అక్షాంశం, 17.4 దగ్గర. తారుమారైతే నీ ఉప్పల్ ఫ్లాటు ఉత్తర ధ్రువం దగ్గర స్వాల్‌బార్డ్‌లో తేలుతుంది. నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ చెరువు పటాలు పీడీఎఫ్‌లుగా దొరుకుతాయి. వాటిని క్యూజీఐఎస్‌లోనే ఉండే జియోరెఫరెన్సర్‌లో కనీసం నాలుగు గుర్తులతో అసలు చోట్లకు అతికించి ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పటి నీటి హద్దు) గీత గియ్యి. పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు చుట్టూ 30 మీటర్ల బఫర్, అంటే ఖాళీ పట్టీ, పెట్టు. అక్కడితో ఆగితే చాలదు. ఎఫ్‌టీఎల్ చెప్పేది నీళ్లు నిలిచే మేర. 2020 అక్టోబరులో గండ్లు పడ్డప్పుడు మునిగింది కట్ట కింది కాలనీలు. కాబట్టి కట్ట ఎటుంది, అలుగు ఎటు పారుతుంది, నాలా ఎక్కడిదాకా పోతుంది అనేవి ఇంకో పొరగా వెయ్యి. గీతకు బయట ఉన్నామని ధైర్యపడేవాళ్లు చూడనిది ఈ పొరే.

రంగుల్లో ఎరుపు, ఆకుపచ్చ జంట వద్దు, కొందరి కంటికి రెండూ ఒకటే. గుండ్రాన్ని ముక్కలుగా కోసి చూపే ‘పై’ చార్టు కూడా వద్దు. మనిషి కన్ను ఒకే గీత మీది స్థానాలను పోల్చినంత కచ్చితంగా కోణాలను పోల్చలేదని గణాంక శాస్త్రవేత్తలు క్లీవ్‌లాండ్, మెక్‌గిల్ 1984లో ప్రయోగాలతో చూపించారు.

చివరికి మిగిలిన రెండు మూడు ఫ్లాట్లకు టోర్నడో చార్ట్ గియ్యి. వడ్డీ, ట్యాంకర్ ఖర్చు, మెయింటెనెన్స్: ఒకసారికి ఒక్కటే మార్చి, నెల ఖర్చు ఎంత కదిలిందో పట్టీగా వెయ్యి, పొడుగుది పైన. 60 లక్షల అప్పు, 20 ఏళ్లు, 8.5 శాతమైతే ఈఎంఐ 52,069. 9.5 అయితే 55,928. వడ్డీ పట్టీ అన్నిటికంటే పొడుగ్గా వచ్చి, అప్పు అన్ని ఫ్లాట్లకూ ఒకటే అయితే, దాన్ని బట్టి ఫ్లాటు ఎంచుకోలేవు. అప్పు ఎంత తీసుకోవాలో ఇద్దరూ ముందు తేల్చుకోండి, ఆ తర్వాత రెండో పట్టీ చూడండి.

పటం అతకడంలో ఇబ్బందొస్తే ఫైలు పంపు, ఆదివారం ఫోన్లో సరిచేద్దాం. చెల్లెమ్మను అడిగానని చెప్పు.

నీ
శ్రీను