డబుల్ క్లిక్ కాడే చిక్కంతా

తిరుపతి
ఆదివారం

ఒరే సుబ్బూ,

నీ కాటా చీటీ (బండి తూకం రసీదు) ప్రోగ్రాం, ఆ విండోస్ ఫారమ్స్‌ది, తెరిచి చూసినాను. బిల్డ్ (కోడ్‌ని ప్రోగ్రాంగా కట్టేది) ఆగిపోయిందనీ, ఇంట్లో తెరిస్తే ఫారం బదులు ఎర్రర్ వస్తా ఉందనీ అడిగినావు గదా, వాటికీ చెబుతాను. స్క్రీను బాగుంది. చిత్తూరు పల్ప్ ఫ్యాక్టరీ గేటు కాడ తోతాపురి లోడ్లు రాసుకునే గుమాస్తాకి అంతకన్నా ఏం కావాల? కోడ్ లోపల మాత్రం బటన్1 మొదలు బటన్14 దాకా ఉండాయి. ఏది చీటీ కొట్టేదో నీకన్నా గుర్తుందా?

డిజైనర్ని (బటన్లూ గళ్ళూ ఫారం మీద లాగి పెట్టే విజువల్ స్టూడియో తెరని) తిట్టుకోవద్దురా. అది రాసేదంతా డిజైనర్ ఫైల్లో, ఇనిషియలైజ్ కాంపొనెంట్ అనే మెథడ్ లోపలే ఉంటుంది. విజువల్ స్టూడియో 2005లో పార్షియల్ క్లాసులు (ఒకే క్లాసుని రెండు ఫైళ్ళలో రాసే వీలు) వచ్చినప్పటి నుంచి నీ కోడూ దాని కోడూ వేరు. దాంట్లో చెయ్యి పెట్టినావంటే, ఫారంలో ఏదన్నా కదిపినప్పుడు అది మళ్ళీ తన ఇష్టప్రకారం రాసేస్తుంది.

చెడేది డిజైనర్లో బటన్ని డబుల్ క్లిక్ చేసే కాడ. ఖాళీ హ్యాండ్లర్ (బటన్ నొక్కితే నడిచే మెథడ్) కనబడంగానే లెక్కంతా దాంట్లోనే రాసేస్తాం. నీదే చూడు: లోడు బండి 9,840, ఖాళీ బండి 3,210, నికరం 6,630 కిలోలు. దాన్ని టన్నుల్లోకి మార్చేది, రేటుతో హెచ్చవేసేది, డేటాబేసులో రాసేది, ప్రింటు తీసేది, అన్నీ ఒకే మెథడ్. రెండో స్క్రీన్లో అదే కాపీ. లెక్క సరిచూడాలంటే ఫారం తెరిచి చేత్తో నొక్కాల్సిందే. ఆ లెక్కని విడి క్లాసులోకి తియ్యి. రెండు బరువులూ రేటూ డెసిమల్‌లో తీసుకుని మొత్తం ఇస్తే చాలు, టెక్స్ట్‌బాక్స్ అనేదొకటి ఉందని కూడా దానికి తెలీకూడదు. ఖాళీ బరువు ఎక్కువుంటే ఆపేదీ అదే. ఇప్పుడు గుమాస్తా రెండు గళ్ళూ తారుమారు చేస్తే మైనస్ చీటీ వస్తా ఉంది! హ్యాండ్లర్లో, రాసింది అంకేనా అని చూసి మార్చే ట్రైపార్స్‌తో చదవడం, క్లాసుని పిలవడం, చూపించడం, ఇంతే ఉండాల.

బిల్డ్ ఆగింది క్లిక్ మెథడ్ని చేత్తో చెరిపేసినందుకు. దాన్ని తగిలించిన లైను డిజైనర్ ఫైల్లో అట్లే ఉంది. ముందు ప్రాపర్టీస్‌లో మెరుపు గుర్తు నొక్కి ఈవెంట్ తీసెయ్యి, తర్వాతే మెథడ్ చెరుపు.

ఇంట్లో ఫారం బదులు ఎర్రర్ ఎందుకంటే, మిగతా ఫారాలకి మూలమైన నీ బేస్ ఫారం పుట్టేటప్పుడే నడిచే కన్‌స్ట్రక్టర్లో డేటాబేస్ కనెక్షన్ ఉంది. డిజైనర్ బేస్ క్లాసుని నిజంగానే సృష్టిస్తుంది, సర్వరేమో ఆఫీసులో ఉంది. కనెక్షన్ని, ఫారం చూపించే ముందు నడిచే లోడ్ ఈవెంట్‌కి మార్చి, డిజైన్‌మోడ్ అయితే (డిజైనర్లో తెరిచుంటే) వెనక్కి తిరిగేటట్టు పెట్టు. డిజైన్‌మోడ్ అవునా అన్న ప్రశ్న కన్‌స్ట్రక్టర్లో అడిగితే ఎప్పుడూ ఫాల్స్ అనే చెబుతుంది, నమ్మొద్దు.

పేర్లు మార్చేటప్పుడు ఒక తిరకాసుంది: నేమ్ మారిస్తే బటన్ పేరే మారుతుంది, క్లిక్ మెథడ్‌కి పాతపేరే ఉంటుంది. దాన్ని రీనేమ్‌తో విడిగా మార్చి పంపు. స్క్రీన్ స్కేల్ 150 శాతం పెట్టి కూడా ఒకసారి చూడు, కింది వరస బటన్లు కనబడతాయో లేదో.

నీ
గోపి