గ్రాండ్ కాన్యన్‌లో మా నాన్నను పైకి తెచ్చినవాళ్ళకు

అమెరికాలోని గ్రాండ్ కాన్యన్ అనే పెద్ద లోయకు దక్షిణపు అంచు సౌత్ రిమ్. అక్కడి పార్కులో మాకు సాయం చేసినవాళ్ళెవరూ తెలుగు చదవలేరు. వాళ్ళకు చెప్పాల్సింది ఇంగ్లీషులో పార్కుకు విడిగా రాసి పంపాను. కానీ వేసవిలో అమ్మానాన్నలను పిలిపించుకుని, ఆర్‌వీ (పడకలూ వంటగదీ ఉండే ఇల్లులాంటి బండి) అద్దెకు తీసుకుని అటువైపు బయల్దేరే మనవాళ్ళు ఏటా బోలెడుమంది ఉంటారు. అందుకే ఈ థాంక్స్ మీ అందరి ముందూ చెప్పుకోవాలనిపించింది.

ముందు ఆర్‌వీ సంగతి. సౌత్ రిమ్‌లో పార్కు లోపల కరెంటు, నీళ్ళు, డ్రైనేజీ మూడూ బండి నిలిపే సైటు దగ్గరే ఇచ్చేది ట్రెయిలర్ విలేజ్ అనే క్యాంపు. మేం అక్కడే దిగాం. పేరుకు ఎడారే గానీ రిమ్ ఎత్తు 2,100 మీటర్లు, మే నెలలో కూడా రాత్రిళ్ళు వణికిస్తుంది. ప్లగ్ పెట్టాం, లోపల కరెంటు లేదు. హీటరు మండేది గ్యాస్‌తోనే అయినా దాని ఫ్యాను తిరగాలంటే బ్యాటరీ కావాలి, అదీ డౌన్. అద్దెకిచ్చినవాళ్ళకు ఫోన్ చేస్తే పాట వస్తూనే ఉంది. పక్క సైటు పెద్దాయన తలకు లైటు కట్టుకుని తనంతట తనే వచ్చారు. ముందు బ్రేకరు ఆపి, స్తంభానికీ మా కేబుల్‌కీ మధ్యనున్న అడాప్టరును పీకి చూపించారు. ఒక పిన్ను నల్లగా మాడి, చుట్టూ ప్లాస్టిక్ కరిగిపోయి ఉంది. తన పెట్టెలోంచి ఇంకోటి తీసి తగిలించి, డబ్బులివ్వబోతే చెయ్యి అడ్డం పెట్టి వెళ్ళిపోయారు. ఆ రాత్రి పిల్లలూ పెద్దలూ వెచ్చగా పడుకున్నారంటే ఆయన పుణ్యమే.

అసలు చెప్పాల్సింది బ్రైట్ ఏంజెల్ ట్రెయిల్ గురించి. రిమ్ మీంచి లోయ అడుగున పారే కొలరాడో నది వైపు దిగే కాలిబాట అది.

ఆ రోజు శనివారం. జమ్మలమడుగులో ఉన్నా అమెరికాలో ఉన్నా నాన్నకు శనివారం ఒక్కపొద్దు తప్పదు. మేం నది దాకా వెళ్ళాలనేం అనుకోలేదు, మొదటి రెస్ట్‌హౌస్ దాకా వెళ్ళి రావడమే. అది రెండున్నర కిలోమీటర్ల లోపే, కానీ దిగుడు మాత్రం 340 మీటర్లు. దిగేటప్పుడు నాన్న మా అందరికంటే ముందున్నాడు. ఎక్కడ చూసినా నీళ్ళు తాగండి, నీళ్ళు తాగండి అంటారు కదా, ఆయన బుద్ధిగా మలుపు మలుపుకూ తాగాడు. ఎక్కేటప్పుడు సగంలో కూలబడ్డాడు. తలనొప్పి, వికారం. అడిగిందానికి ఇంకేదో జవాబు. ఎండదెబ్బే అనుకుని నేను మళ్ళీ సీసా మూత తీశాను.

కిందికి దిగుతున్న వాలంటీరు ఒకామె నా చెయ్యి ఆపింది. పొద్దున్నుంచీ ఏం తిన్నారు? ఎన్నిసార్లు మూత్రానికి వెళ్ళారు, రంగు ఎలా ఉంది? బీపీ మాత్రలేమైనా వాడుతున్నారా? వరసగా ఇవే అడిగింది. తినింది ఏమీ లేదు, మూత్రం నీళ్ళలాగే ఉంది, మాత్రలు వాడతాడు. ఇక నీళ్ళు వద్దంది. ఒంట్లో ఉప్పు చెమటలో పోతుంటే, ఏమీ తినకుండా నీళ్ళు మాత్రమే పట్టిస్తే రక్తంలో సోడియం పడిపోతుందట. చూడ్డానికి ఎండదెబ్బలాగే ఉంటుంది, కానీ నీళ్ళు ఇచ్చేకొద్దీ ముదురుతుంది. కొన్ని రకాల బీపీ మాత్రలతో ఆ ప్రమాదం ఇంకాస్త ఎక్కువ. ఆమె రేడియోలో రేంజర్‌కు చెప్పి, నాన్నను నీడలోకి జరిపి, ఉప్పగా ఉండేవి ఏమున్నాయని అడిగింది.

అమ్మ బ్యాగులో పిల్లల కోసం తెచ్చిన చేగోడీలున్నాయి. ఆమె ఒకటి కరకరా కొరికి చూసి, భేష్ అన్నట్టు బొటనవేలెత్తింది. నాన్న మాత్రం నోరు తెరవడే! ఆ తికమకలోనూ ఒక్కపొద్దు గుర్తుంది. "మందనుకుని మింగండి, స్వామి ఏమీ అనుకోడు" అని అమ్మ గదిమితే అప్పుడు తిన్నాడు. చాలాసేపటికి మాట కుదురుకుంది.

ఎక్కేటప్పుడు ఆమె పెట్టిన రూలు ఒక్కటే. నడుస్తూ మాట్లాడగలగాలి, ఆయాసంతో మాట ఆగితే కాళ్ళూ ఆగాలి. అందుకని నాన్న చేత మాట్లాడిస్తూనే ఉంది. ఆయనకు దొరికిన టాపిక్ గండికోట! ఎర్రమల కొండల్ని పెన్న ఎలా కోసిందో, కోటలో ధాన్యాగారం ఎంతుంటుందో ఆయన చెప్పడం, నేను ఇంగ్లీషులో అందించడం. కంచరగాడిదల వరస ఎదురైతే కొండవైపు ఒదిగి నిలబడ్డాం. పైన రేంజర్ బీపీ, నాడి చూశాడు. మళ్ళీ తికమకగా మాట్లాడితే ఆలస్యం చేయకుండా 911కి (అక్కడి అత్యవసర నంబరు) ఫోన్ చేయమన్నాడు.

ఇలా ట్రెయిళ్ళ మీద తిరుగుతూ, మనిషి పడిపోకముందే పట్టుకునే ఏర్పాటు ఆ పార్కులో 1997 నుంచీ ఉందట. అందులో చాలామంది వాలంటీర్లు. జీతం లేకుండా ఆ ఎండలో ఎక్కుతూ దిగుతూ, ముక్కూమొహం తెలియనివాళ్ళను తిండి గురించి ఆరా తీయడం మాటలు కాదు. అమ్మా, మీకు చేతులెత్తి దండం. నాన్న కోసం బస్సును ఒరిగించి మెట్టు దించిన బ్లూ రూట్ షటిల్ డ్రైవరుగారికీ మరో దండం.

వెళ్ళిపోయే రోజు డెజర్ట్ వ్యూ వైపు వెళ్తూ లిపాన్ పాయింట్ దగ్గర ఆగాం. అక్కడ కనిపించే ఒక శిఖరం పేరు విష్ణు టెంపుల్. 19వ శతాబ్దంలో క్లారెన్స్ డటన్ అనే భూగర్భ శాస్త్రవేత్త పెట్టిన పేరు. నాన్న చెప్పులు విడిచి దండం పెట్టుకుని, ఒక్కపొద్దు బాకీ తీరిపోయిందన్నాడు.

ఇప్పుడు ఊళ్ళో బాగున్నాడు. డాక్టరు బీపీ మాత్ర మార్చారు.