ఆడించి చూడకుండా ఫార్వర్డ్‌ను వదులుకోవద్దు

సంపాదకులకు నమస్కారం.

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ట్రేడ్ (జట్లు ఆటగాళ్లను ఇచ్చిపుచ్చుకోవడం) గడువు దగ్గర పడిందంటే చాలు, ప్రతి ఫిబ్రవరిలో ఒకటే చర్చ. ఎదుగుతున్న యువ ఫార్వర్డ్‌ను (ఎక్కువగా రింగ్ వైపు ఆడే పొడుగాటి ఆటగాణ్ణి) జట్టు ఉంచుకోవాలా, అతన్ని ఇచ్చేసి పేరున్న ఆటగాణ్ణి తెచ్చుకోవాలా అని. క్రీడా పేజీల్లోనూ, ఇక్కడ చెన్నైలో తెల్లవారకముందే లేచి ఫోన్లో మ్యాచ్‌లు చూసే మన పిల్లల మాటల్లోనూ రెండో వాదనే ఎక్కువగా వినిపిస్తోంది. "మూడేళ్లయింది, ఇంకా పది పాయింట్లు కూడా కొట్టట్లేదు, పంపించెయ్యాలి" అంటారు. నేను కాలేజీలో ఫార్వర్డ్‌గా ఆడాను. ఇప్పుడు సాయంత్రాలు పెరంబూరులో పిల్లలకు ఆట నేర్పుతున్నాను. ఈ తొందర జట్టుకీ మంచిది కాదు, కుర్రాడికీ మంచిది కాదు.

పాయింట్లు లెక్కపెట్టే ముందు అతన్ని ఎన్ని నిమిషాలు ఆడించారో చూడాలి. జెర్మేన్ ఓనీల్ సంగతి తీసుకోండి. హైస్కూల్ నుంచి నేరుగా వచ్చిన ఈ కుర్రాణ్ణి 1996 డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమం) పోర్ట్‌లాండ్ జట్టు 17వ పిక్‌తో, అంటే 17వ వంతులో తీసుకుంది. రషీద్ వాలెస్, బ్రయాన్ గ్రాంట్ లాంటివాళ్లు ముందుండటంతో నాలుగేళ్లు ఎక్కువగా బెంచ్ మీదే గడిచిపోయాయి. నాలుగో ఏడు కూడా మ్యాచ్‌కు సగటున దక్కింది 12 నిమిషాలే. 2000 వెస్టర్న్ కాన్ఫరెన్స్ ఫైనల్ (లీగ్ ఫైనల్స్‌కు ముందు మెట్టు) ఏడో మ్యాచ్‌లో, చివరి క్వార్టర్లో 15 పాయింట్ల ఆధిక్యం చేజార్చుకుని పోర్ట్‌లాండ్ లేకర్స్ చేతిలో ఓడిపోయింది. ఇక యాజమాన్యానికి ఒకటే టెన్షన్, వచ్చే ఏడాది లేకర్స్ భారీకాయుడు షకీల్ ఓనీల్‌ను ఆపేదెవరని. ఆ వేసవిలోనే జెర్మేన్‌ను ఇండియానాకు ఇచ్చి 31 ఏళ్ల డేల్ డేవిస్‌ను తెచ్చుకున్నారు. మరుసటి ఏడాది అదే లేకర్స్ చేతిలో ప్లేఆఫ్స్ (టైటిల్ కోసం జరిగే నాకౌట్ దశ) మొదటి రౌండ్‌లోనే 3-0తో ఓడారు. అవతల ఇండియానా జెర్మేన్‌కు మ్యాచ్‌కు 30 నిమిషాలకు పైగా ఇచ్చింది. మొదటి సీజన్‌లోనే అతను సగటున దాదాపు 13 పాయింట్లు, 10 రీబౌండ్లు (గురి తప్పిన బంతిని అందుకోవడం) సాధించాడు. 2002లో ఎక్కువ మెరుగుపడిన ఆటగాడి అవార్డు అందుకున్నాడు. ఆ ఏడాది మొదలు వరుసగా ఆరుసార్లు ఆల్‌స్టార్ (ఆ ఏటి మేటి ఆటగాళ్ల మ్యాచ్‌కు ఎంపికైనవాడు). ఆ సత్తా ఒక్క వేసవిలో వచ్చింది కాదు. పోర్ట్‌లాండ్‌లో ఉండగా చూపించే అవకాశం రాలేదంతే.

బంతిని నడిపించే గార్డ్‌తో పోలిస్తే ఫార్వర్డ్‌కు టైమ్ ఎక్కువ పడుతుంది, ఆట నేర్పేవాళ్లందరికీ ఇది తెలుసు. గార్డ్ చిన్నప్పటి నుంచీ బంతి చేతిలో పెట్టుకునే పెరుగుతాడు. పొడుగ్గా ఉన్నవాణ్ణి మాత్రం రింగ్ కింద నిలబెట్టి రీబౌండ్ పట్టమంటారు. పెద్ద లీగ్‌కు వచ్చాక బయటినుంచి షాట్ వేయడం, రెండు చేతులతో డ్రిబ్లింగ్, తనకంటే చురుకైన గార్డ్‌నూ రింగ్ కింద ఆడే, తనకంటే బలమైన సెంటర్‌నూ ఆపడం, అన్నీ ఒకేసారి నేర్చుకోవాల్సి వస్తుంది. తర్వాత పెద్ద స్టార్ అయిన యానిస్ అంటెటోకొంపో మొదటి సీజన్ సగటు 6.8 పాయింట్లు. బోస్టన్‌లో జేలెన్ బ్రౌన్‌కు 6.6. బ్రౌన్‌ను ట్రేడ్ చేయాలన్న వాదన ఏళ్ల తరబడి నడిచింది. బోస్టన్ వదల్లేదు. 2024 ఫైనల్స్‌లో అత్యుత్తమ ఆటగాడు అతనే.

ఆగితే జట్టుకు పోయేది కూడా పెద్దగా ఉండదు. డ్రాఫ్ట్ మొదటి రౌండ్ పిక్‌తో వచ్చినవాడి కాంట్రాక్టులో మొదటి రెండేళ్లు ఖాయం, మూడు, నాలుగు ఏళ్లు ఉంచుకోవడం జట్టు ఇష్టం. జీతం పెద్ద ఆటగాళ్లతో పోలిస్తే తక్కువ. నాలుగేళ్ల తర్వాత వేరే జట్టు ఆఫర్ ఇచ్చినా, అంతే మొత్తం ఇచ్చి అట్టిపెట్టుకునే హక్కు నిబంధనల ప్రకారం పాత జట్టుకు ఉంటుంది. ఇంత వెసులుబాటు చేతిలో పెట్టుకుని రెండో ఏడాదే తొందరపడటం ఎందుకు?

అలాగని ఊరికే ఉంచుకుని కూర్చోబెట్టడమూ సరికాదు. జొనాథన్ కుమింగాను గోల్డెన్ స్టేట్ 2021లో 7వ పిక్‌తో తీసుకుంది. ఒక వారం ఆడించడం, మరో వారం పక్కన పెట్టడం, ఇదే తంతు. 2025 ప్లేఆఫ్స్ మొదట్లో కొన్ని మ్యాచ్‌ల్లో అసలు దింపనే లేదు. తర్వాతి రౌండ్‌లో జట్టు ప్రధాన ఆటగాడు కరీ గాయపడ్డాక దింపితే, మినెసోటాపై ఒక మ్యాచ్‌లో 30 పాయింట్లు కొట్టాడు. అతను ఏ జట్టులో ఉండాలన్నది అలా ఉంచండి, నాలుగేళ్లు కుదురుగా ఆడనివ్వకపోతే అతని విలువెంతో ఎవరికి మాత్రం ఎలా తెలుస్తుంది?

ట్రేడ్ చేయక తప్పని సందర్భాలు ఉన్నాయి. లేకర్స్ 2019లో బ్రాండన్ ఇంగ్రమ్‌తో పాటు మరికొందర్ని ఇచ్చి ఆంథొనీ డేవిస్‌ను తెచ్చుకుని 2020లో టైటిల్ గెలిచింది. ఇంగ్రమ్ ఆ ఏడాదే ఆల్‌స్టార్ అయ్యాడు, అయినా లేకర్స్ చేసింది తప్పనను. 2014లో ఆండ్రూ విగిన్స్‌ను ఇచ్చి కెవిన్ లవ్‌ను తీసుకున్న క్లీవ్‌లాండ్ కూడా 2016లో ఛాంపియన్ అయింది. రెండు జట్లలోనూ మేటి ఆటగాడు లెబ్రాన్ జేమ్స్ ఉన్నాడు. టైటిల్ అందేంత దూరంలో ఉండాలి, వచ్చేవాడు డేవిస్ అంతటివాడు కావాలి. ఈ రెండూ కుదరనప్పుడు, 31 ఏళ్ల ఆటగాడి కోసం 21 ఏళ్లవాణ్ణి ఇచ్చేయడాన్ని నేను ఒప్పుకోలేను.

ఇది అమెరికా గొడవ, మనకెందుకు అనుకోవద్దు. మన దగ్గర ట్రేడ్‌లు లేవు కానీ ఆ ఆలోచన మాత్రం వచ్చేసింది. ఇండియన్ ఓవర్సీస్ బ్యాంక్, ఐసీఎఫ్ (రైలు పెట్టెల ఫ్యాక్టరీ) జట్లను చూస్తూ పెరిగిన ఊరిది. ఆటతో ఉద్యోగం తెచ్చుకోవచ్చని నమ్మి పిల్లల్ని కోర్టుకు పంపే తెలుగు కుటుంబాలు మా చుట్టూ ఎన్నో. ఒక స్కూల్ జట్టులో తొమ్మిదో తరగతి కుర్రాణ్ణి పొడుగున్నాడని తీసుకుని, రింగ్ కింద నుంచి కదలనివ్వకుండా ఆడించి, ఒక్క టోర్నమెంట్ అయ్యాక "వీడివల్ల కాదు" అని తీసేశారు. వాడికి డ్రిబ్లింగ్ నేర్పినవాళ్లు లేరు. మిగతా పిల్లలు పొడుగు పెరిగేసరికి వాడికున్న ఒక్క అనుకూలతా పోతుంది. వాళ్లమ్మ నన్ను అడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు: "ఆడించనే లేదు కదా మేడమ్, ఎలా తెలిసింది వాళ్లకి?"

స్కూల్ జట్లూ, స్పోర్ట్స్ హాస్టళ్లూ తీసుకున్న పిల్లవాణ్ణి కనీసం రెండు సీజన్లు అట్టిపెట్టుకోవాలని, ఆ రెండు సీజన్లూ అన్ని స్థానాల్లో ఆడించాలని కోరుతున్నాను. మీకూ ఒక విన్నపం. ఇకపై యువ ఆటగాళ్ల గురించి రాసేటప్పుడు పాయింట్ల పక్కనే ఆడిన నిమిషాలు కూడా వేయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పెరంబూరు, చెన్నై