థర్మిడోర్ 9 అంటే జూలై 27

సంపాదకులకు,

జూలై వచ్చిందంటే ‘చరిత్రలో ఈ రోజు’ శీర్షికల్లోనూ పోటీ పరీక్షల గైడ్లలోనూ ఫ్రెంచి విప్లవం తేదీలు ఒకదానికొకటి పొసగవు. విప్లవ నాయకుడు రోబెస్పియర్ అధికారం కోల్పోయింది ఒకచోట జూలై 27, ఇంకోచోట 28. నెపోలియన్ అధికారం చేజిక్కించుకున్న కుట్ర ఒకచోట నవంబర్ 8, మరోచోట 9. పుస్తకాలను తిట్టుకునే ముందు లెక్క ఎలా కట్టారో చూడాలి.

విప్లవ ప్రభుత్వం 1793 అక్టోబర్‌లో పాత క్యాలెండర్‌ను పక్కన పడేసింది. ‘రిపబ్లికన్ క్యాలెండర్’ అనే కొత్తదాంట్లో 12 నెలలు, ప్రతి నెలకూ 30 రోజులు, ఏడాది చివర విడిగా ఐదు రోజులు, కొన్నేళ్లకు ఆరు. ఏడాది మొదలయ్యేది పారిస్‌లో శరద్విషువత్తు (సెప్టెంబర్‌లో పగలూ రాత్రీ సమానమయ్యే సమయం) పడిన రోజున. అందుకే సంక్రాంతి మనకు కొన్నేళ్లు జనవరి 14న, కొన్నేళ్లు 15న వచ్చినట్టు, వాళ్ల కొత్త సంవత్సరం సెప్టెంబర్ 22, 23, 24ల మధ్య ఊగుతుంది. నెలల పేర్లు పెట్టింది కవి ఫాబ్ర్ దెగ్లాంతిన్. పేరు చివర ‘ఓజ్’ ఉంటే చలికాలం, ‘అల్’ ఉంటే వసంతం, ‘దోర్’ ఉంటే వేసవి. మొలకల నెల అని తాను పేరుపెట్టిన జెర్మినాల్ 16నే, అంటే 1794 ఏప్రిల్ 5న, మరో విప్లవ నాయకుడు దాంతోన్‌తో పాటు ఆయన తలా గిలోటిన్ కింద తెగింది.

ఇక లెక్క. రెండో ఏట (ఏళ్ల లెక్క 1792 సెప్టెంబర్ 22 నుంచి) థర్మిడోర్ అనే వేసవి నెల 1వ తేదీ అంటే 1794 జూలై 19. థర్మిడోర్ 9 కావాలంటే 19కి ఎనిమిదే కలపాలి, తొమ్మిది కాదు. 27 వస్తుంది. తొమ్మిది కలిపితే 28 వస్తుంది. చిక్కేమిటంటే, రోబెస్పియర్‌కు శిరచ్ఛేదం జరిగింది 28ననే. దాంతో తప్పు లెక్క కూడా ఒప్పులాగే కనబడి ఎవరికీ అనుమానం రాదు.

రెండో ఏటి పట్టికనే అన్ని ఏళ్లకూ వాడటం ఇంకో పొరపాటు. నెపోలియన్ కుట్ర జరిగింది ఎనిమిదో ఏట బ్రుమేర్ 18న. అంతకుముందు ఏడుకు ఆరో అదనపు రోజు ఉంది కాబట్టి ఎనిమిదో ఏడు ఒకరోజు ఆలస్యంగా, 1799 సెప్టెంబర్ 23న మొదలైంది. బ్రుమేర్ 1 అక్టోబర్ 23, దానికి 17 కలిపితే నవంబర్ 9. ఆ ఒక్కరోజు మరిచిపోతే 8 వస్తుంది.

మన ఊరి తేదీలకూ ఇది పనికొస్తుంది. పద్మనాభం యుద్ధంలో విజయనగరం రాజు చిన విజయరామరాజు నేలకొరిగింది 1794 జూలై 10న, అంటే మెసిదోర్ 22న. అప్పటికి రోబెస్పియర్ కూలడానికి ఇంకా 17 రోజులుంది. తర్వాత 1804 సెప్టెంబర్ 15న ఫ్రెంచి సేనాని లినువా మూడు యుద్ధనౌకలతో విశాఖ తీరానికి వచ్చి ఇంగ్లీషువాళ్ల ‘సెంచూరియన్’ ఓడ మీద పడ్డాడు. ఆయన ఎక్కిన ఓడ పేరు ‘మరెంగో’, నెపోలియన్ 1800లో గెలిచిన యుద్ధం పేరే. ఆ రోజు పన్నెండో ఏడు ఫ్రుక్తిదోర్ 28. ఆ ఏడు సెప్టెంబర్ 24న మొదలైంది కదా, ఫ్రుక్తిదోర్‌కు కూడా రెండో ఏటి పట్టిక మీద రెండు రోజులు కలపాలి అనుకుంటారు. 1804 ఫిబ్రవరి 29 మధ్యలో ఒకరోజు మింగేసింది. కలపాల్సింది ఒక్కటే.

తేదీ రెండుగా కనిపించే అమెరికా తొలి అధ్యక్షుడు వాషింగ్టన్ పుట్టినరోజు గొడవ వేరు. 1731 ఫిబ్రవరి 11 పాత లెక్క, 1732 ఫిబ్రవరి 22 కొత్త లెక్క. ఇంగ్లండు 1752లో 11 రోజులు దాటేసి, సంవత్సరాదిని మార్చి 25 నుంచి జనవరి 1కి జరిపింది. రెండూ ఒప్పే, ఏ లెక్కో రాస్తే చాలు.

రిపబ్లికన్ క్యాలెండర్ 1805 డిసెంబర్ 31తో ముగిసింది. కాబట్టి ఈ తలనొప్పి పన్నెండేళ్ల తేదీలకే. ఆ పేర్లు వాడినప్పుడల్లా ‘రెండో ఏడు థర్మిడోర్ 9 (1794 జూలై 27)’ అని ఏడుతో సహా రెండు తేదీలూ వేయించవలసిందిగా మనవి.

— ఒక పాఠకుడు, విశాఖపట్నం