తినే బియ్యాన్ని ఇథనాల్ ఫ్యాక్టరీకి పంపకండి

కేంద్ర ఆహార, ప్రజాపంపిణీ శాఖ మంత్రి గారికి,

నమస్కారమండీ. కోనసీమలో వరి పండించే రైతుని. ఈ విషయం మీద మా ఊరివాళ్లం పెట్టుకున్న అర్జీలకు ఉలుకూ పలుకూ లేదు. అందుకే అందరూ చదివేలా రాస్తున్నాను.

2024-25లో భారత ఆహార సంస్థ (ఎఫ్‌సీఐ) గోదాముల నుంచి 52 లక్షల టన్నుల బియ్యం, పెట్రోల్లో కలిపే ఇథనాల్ తయారీకి కేటాయించారు, క్వింటా 2,250 రూపాయలకి. ఆ ఏడాది సాధారణ రకం ధాన్యానికి మీరు ప్రకటించిన మద్దతు ధరే 2,300. క్వింటా ధాన్యం ఆడిస్తే వచ్చేది 67 కిలోల బియ్యం. ధాన్యం కంటే బియ్యం చవకెలా అయిందండీ?

ఆ గింజ గోదాము చేరేదాకా మా పాట్లు ఒక్కసారి వినండి. దాళ్వా (రబీ) కోతలయ్యేసరికి వాన భయం. కళ్లాల్లో చోటు చాలక రోడ్డు పక్కన బరకాలు పరిచి ధాన్యం పోస్తాం. మిట్టమధ్యాహ్నం ఎండలో మా ఆడవాళ్లు కాళ్లతో తిరగేస్తూ ఆరబెడతారు. మబ్బు పడితే పరుగున కుప్ప చేసి కప్పాలి, తెల్లారి మళ్లీ విప్పాలి. తేమ 17 శాతం దాటకూడదు. మిషన్‌లో 18 చూపించిందా, బస్తాకింత తరుగు తీస్తారు, లేదా ఇంకా ఆరబెట్టమంటారు. ఈలోగా సంచులుండవు, లారీ రాదు. వచ్చినా మిల్లు దగ్గర దింపుకోరు. రాత్రంతా టెన్షనే. జనం తినే తిండి, నాణ్యత ఉండాలంటే సరేనని ఓర్చుకున్నాం. తీరా ఎవరి కంచంలోకీ చేరకుండా పెట్రోల్లో కలిపేస్తే కడుపు రగిలిపోతోంది.

ఐక్యరాజ్యసమితి లెక్కల ప్రకారం 2024లో ప్రపంచంలో ఆకలితో ఉన్నవాళ్లు సుమారు 67 కోట్లు. సూడాన్‌లో ఏకంగా కరువే వచ్చింది. ఆ సమితి సంస్థే అయిన ప్రపంచ ఆహార కార్యక్రమం నిధుల్లేక శరణార్థి శిబిరాల్లో రేషన్ తగ్గిస్తోంది. 2030 నాటికి ఆకలి లేకుండా చేస్తామని ఒప్పుకున్న దేశాల్లో మనమూ ఉన్నాం కదా. 2022లో అఫ్గానిస్థాన్‌కి ఆ ప్రపంచ ఆహార కార్యక్రమం ద్వారానే గోధుమలు పంపింది మన ప్రభుత్వమే. మాకు దగ్గర్లోని కాకినాడ రేవు నుంచి ఆఫ్రికాకి బియ్యం ఓడలు వెళ్తూనే ఉన్నాయి. దారి లేక కాదు, మనసు పెట్టక.

ఇథనాల్ చేయొద్దని నేననను. తినడానికి పనికిరాని గింజతో చేసుకోండి. ఆహార భద్రత చట్టం కింద రేషన్ ఇచ్చే లెక్క ఇంకా 2011 జనాభా దగ్గరే ఆగిపోయింది. ముందు ఆ లెక్కలోకి రాక మిగిలిపోయిన మనవాళ్లకి ఇవ్వండి. ఆపైన ఉన్నది ఆకలితో ఉన్న దేశాలకి పంపండి. ఈ దాళ్వా కొనుగోళ్లు మొదలయ్యేలోగా ఏ సంగతో చెప్పండి, దయచేసి.

ఇట్లు,
కోనసీమ వరి రైతు