వార్షిక నివేదిక: అభ్యసన బృందాల మూల్యాంకనం

సభ్య ఫౌండేషన్ల ప్రతినిధులకు, గ్రాంటు పొందుతున్న సంస్థల మిత్రులకు కార్యవర్గం తరఫున నమస్కారాలు.

మన సమాఖ్య ఆశయాలు మీకు కొత్తగా చెప్పనక్కర్లేదు. బడులతో పనిచేసే సంస్థలను ఒకచోట కూర్చోబెట్టి, ఒకరి అనుభవం మరొకరికి అందేలా నడిపిస్తున్న అభ్యసన బృందాల వల్ల తరగతి గదిలో ఏం మారుతోందో తేల్చడమే ఈ ఏడాది కార్యవర్గం ప్రధానంగా తలకెత్తుకున్న పని. హాజరు పట్టీ వచ్చినవారి సంఖ్య చెబుతుంది, అంతే. సాయంత్రం నింపించే అభిప్రాయ పత్రంలో వక్త బాగా మాట్లాడితే మంచి మార్కులు పడతాయి. శిక్షణ ఫలితాన్ని స్పందన, నేర్చుకున్నది, ప్రవర్తనలో మార్పు, అంతిమ ఫలితం అని శిక్షణ మూల్యాంకన నిపుణుడు డొనాల్డ్ కిర్క్‌ప్యాట్రిక్ 1959లోనే నాలుగు మెట్లుగా చూపారు. అభిప్రాయ పత్రం మొదటి మెట్టు మీదే ఆగిపోతుంది.

అందుకే మూల్యాంకన ఉపసంఘం ‘మాట పత్రం’ తయారుచేసింది. సమావేశం ముగిసేలోగా ప్రతి ఒక్కరూ తమ పనిలో మార్చబోయే ఒక్క అంశాన్ని, ఎప్పటికి మారుస్తారో, మారిందనడానికి ఏం చూపిస్తారో రాసి ఒక ప్రతి మనకిస్తారు. ‘బోధన మెరుగుపరుస్తాను’ వంటి రాతలను అక్కడికక్కడే వెనక్కి ఇచ్చి మళ్లీ రాయించాలి. మూడు నెలలకు అదే పత్రం చేతిలో పెట్టుకుని ఫోన్ చేయాలి: చేశారా, ఎన్ని తరగతుల్లో చేశారు, దేన్ని మీకు తగ్గట్టు మార్చుకున్నారు, ఎక్కడ ఆగింది? ఒక పాఠ్య ప్రణాళికో, పిల్లల నోటుపుస్తకంలో ఒక పేజీయో పంపమనాలి. అది లేని జవాబును ‘చేశారు’ గడిలో వేయకూడదు.

ఎవరు ఎవరిని సలహా అడుగుతున్నారో గీతలతో చూపే సంబంధాల పటం కూడా గీశాం. ‘గత మూడు నెలల్లో పని విషయమై ఎవరిని సలహా అడిగారు?’ అని అడిగేటప్పుడు అందరి పేర్ల జాబితా ముందు పెట్టాలి. జ్ఞాపకం మీద వదిలేస్తే బాగా దగ్గరివాళ్ల పేర్లే వస్తాయి. నలుగురైదుగురు జవాబివ్వకపోయినా పటం తప్పుదారి పట్టిస్తుంది. ఇక్కడ సభ్యులు గమనించాల్సిన లెక్క ఒకటుంది. 20 మంది ఉన్న బృందంలో 190 జతలు సాధ్యం. ఒక్కొక్కరికి నలుగురితో సంబంధం ఉంటే, ఒక్కో సంబంధం ఇద్దరిదీ కనుక మొత్తం 40, అంటే సుమారు 21 శాతం. బృందం 40 మందికి పెరిగి, ఒక్కొక్కరికి ఆ నలుగురే ఉంటే 780లో 80, అంటే సుమారు 10 శాతం. ఎవరి సంబంధమూ తెగకుండానే శాతం సగమైంది! కాబట్టి పరిమాణం వేరైన బృందాలను ఈ శాతంతో పోల్చవద్దు. దానికన్నా, ఫౌండేషన్ అధికారి పేరు తీసేసి పటం మళ్లీ గీయండి. గీతలన్నీ విడిపోతే ఆ బృందం మన గ్రాంటు మీదే నిలబడి ఉందని అర్థం.

ఈ ఏడాది మనందరం గర్వించదగ్గ కార్యక్రమం ‘ఫలించని పనులు’ సదస్సు. డబ్బిచ్చేవాళ్లు ఎదురుగా ఉంటే డబ్బు తీసుకునేవాళ్లు విఫలమైన సంగతి చెప్పరు. అందుకే ఉదయం సభలోకి గ్రాంటు అధికారులను రానివ్వలేదు. అక్కడి మాటలు గ్రాంటు ఫైలులోకి ఎక్కవని సభ్య ఫౌండేషన్లన్నీ ముందే సంతకం చేసి ఇచ్చాయి. చదవడం రాని పిల్లలకు విడిగా పెట్టిన తరగతి లెక్కల పీరియడ్‌లో పడేసరికి ఆ పిల్లలే లెక్కల్లో వెనకబడ్డారని ఒక సంస్థ చెప్పింది. అదే తిప్పలు పడుతున్న మరో రెండు సంస్థలు తమ సమయ పట్టికలు మార్చుకున్నాయి. ఇలాంటిది ఏ అభిప్రాయ పత్రంలోనూ బయటపడదు.

ఈ సదస్సుకు హాలు ఇచ్చిన సభ్య సంస్థకు, రెండు పూటలా చర్చ నడిపిన ఫెసిలిటేటర్లకు, సెలవు పెట్టి వచ్చిన ఉపాధ్యాయులకు, పత్రాలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించిన యువతీయువకులకు, భోజనాలు చూసుకున్న మిత్రులకు, పటాలు గీయడం నేర్పిన పరిశోధకులకు పేరుపేరునా కృతజ్ఞతలు.

బాధతోనైనా చెప్పక తప్పదు. ఫాలో అప్ ఫోన్లు చేస్తామని పేర్లిచ్చిన స్వచ్ఛంద కార్యకర్తల్లో చాలామంది తర్వాత కనిపించలేదు. మూడో నెల ఫోన్ అయిదో నెలకు జారితే ఏ మార్పు ఏ సమావేశం వల్ల వచ్చిందో చెప్పేవాడికే గుర్తుండదు. తరగతివారీ మార్కులిస్తామన్న విద్యాశాఖ అధికారులు చివరికి మొత్తం సగటు ఒక్కటే ఇచ్చారు. దాంతో ఏ బడినీ విడిగా చూడలేం. అసలే 30 మంది పిల్లలున్న తరగతిలో నలుగురు రాకపోతే సగటు కదులుతుంది. పాఠ్యపుస్తకం మారినా, ఉపాధ్యాయుడు బదిలీ అయినా కదులుతుంది. మార్కులు పెరిగిన ఘనత అంతా బృందానిదే అని ఏ సభ్య ఫౌండేషనూ తన నివేదికలో రాసుకోవద్దు. ఉత్సాహం ఉన్న సంస్థలే బృందంలో చేరతాయి కనుక, పోల్చాలంటే దరఖాస్తు చేసి వచ్చే విడత కోసం ఎదురుచూస్తున్న సంస్థలతో పోల్చాలి.

ఆడిట్ అయిన జమాఖర్చులు అనుబంధంలో ఉన్నాయి. సందేహాలుంటే కోశాధికారి సమాధానమిస్తారు.

కార్యవర్గం మూడు తీర్మానాలు సభ ముందు పెడుతోంది. ఒకటి, మొదటి సమావేశానికి ముందే బేస్‌లైన్ (పని మొదలుకాక ముందు పరిస్థితి లెక్క) తీసుకోని బృందానికి నిధులు విడుదల చేయకూడదు. రెండు, మనిషి ఉద్యోగం మారితే నేర్చుకున్నదీ అతనితోనే వెళ్లిపోతోంది కనుక ప్రతి సంస్థ నుంచి ఇద్దరు రావాలి. మూడు, 20 మంది ఒక రోజు కూర్చుంటే అది 20 పనిదినాలు. సంస్థలు వెచ్చించే ఆ సమయాన్ని గ్రాంటు బడ్జెట్‌లో ఖర్చుగా చూపి చెల్లించాలి. మూడింటినీ ఆమోదించవలసిందిగా కోరుతున్నాను. వచ్చే ఏడాది ఫోన్ల బాధ్యత తీసుకునేవారు సభ ముగిసేలోగా పేర్లు నమోదు చేయించుకోవాలి.

ఇట్లు,
కార్యదర్శి