135 కొనాలా వద్దా

ఒరేయ్ శీనూ,

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. ఫోన్లో చెప్పడం మొదలెడితే మధ్యలో నీకెవరో పెళ్ళివారు లైన్లోకొస్తారు, అందుకని తీరిగ్గా రాస్తున్నాను. టీ పెట్టుకుని చదువు.

నీ సినిమాకి కెనాన్ వాళ్ళ 135 ఎంఎం సినిమా లెన్సు, అదే సిఎన్-ఈ 135 టీ2.2, కొనాలా అని కదా అడిగావు? "ఫోటోలు తీసే ఎఫ్/2 135 నా దగ్గరే ఉండగా మళ్ళీ 135కే లక్షలు పొయ్యాలా" అని. కొనకు. అద్దెకి తెచ్చుకో, అదీ అన్ని రోజులకీ అక్కర్లేదు. ఎందుకో చెబుతా.

బొమ్మ మాటకొస్తే నీ పాత లెన్సుకి ఏ లోటూ లేదు. 1996లో వచ్చింది, ఇప్పటికీ దానితో తీసిన మొహం చూస్తే ముచ్చటేస్తుంది. జీలకర్ర బెల్లం పెట్టాక తెర తీసే వేళకి వీడియోవాళ్ళంతా మండపం మీద ఎగబడుతుంటే, నువ్వు మాత్రం మేళగాళ్ళ పక్కన నిలబడి పెళ్ళికూతురి కళ్ళు పట్టేస్తావు చూడూ, ఆ పిల్లకి నువ్వక్కడ ఉన్నట్టే తెలీదు. దూరం నుంచి తీసే, జూమ్ లేని ఈ టెలీ బ్లాక్ లెన్సు గొప్పతనం సగం అదే. కొత్త నటుల దగ్గర కూడా అంతే, కెమెరా మొహం ముందు లేకపోతే భుజాలు కాస్త దిగుతాయి. మనవాళ్ళకి ఎలాగూ డబ్బింగే కాబట్టి మైకు గొడవ కూడా లేదు.

మిగతా సగం గొప్పతనం దూరంలో ఉంది. పుష్కర ఘాట్ మెట్ల మీద మీ హీరోయిన్ని నడుం దాకా ఫ్రేములో పెట్టావనుకో. 35తో అయితే రెండు మీటర్లలో నిలబడతావు, వెనక ఆర్చ్ బ్రిడ్జి సన్నగా ఎక్కడో కనబడుతుంది. అదే సైజులో ఆమెని 135తో పట్టాలంటే దాదాపు ఎనిమిది మీటర్లు వెనక్కి పోవాలి. అప్పుడు బ్రిడ్జి నాలుగింతలై ఆమె భుజం మీదకి వచ్చి కూర్చుంటుంది. లెన్సు దాన్ని దగ్గరికి లాగిందంటారు గానీ నిజానికి నువ్వు వెనక్కి నడిచావు, అంతే. తల నుంచి కాలి దాకా కావాలంటే పెద్ద సెన్సరున్న ఫుల్ ఫ్రేము కెమెరాతో కూడా పదిహేను మీటర్ల జాగా చూసుకోవాలి. మీ పెంకుటింటి సీన్లో ఆ లెన్సు పెట్టెలోంచి బయటికి కూడా రాదు, ముందే చెబుతున్నా.

సరే, డబ్బు ఎక్కడికి పోతోందో చూడు. మూడు మీటర్ల దూరంలో, అపర్చర్, అదే వెలుతురొచ్చే కంత, పూర్తిగా తెరిచి, 135తో తీస్తే పదునుగా ఉండేది ఐదారు సెంటీమీటర్లు. ఒకటిన్నర మీటర్లకి వస్తే అది ఒకటిన్నర సెంటీమీటరే. అంటే దగ్గరున్న కన్ను కుదిరితే అవతలి కన్ను పోతుంది. నటి కూర్చుని ఓ డైలాగు మధ్యలో ముందుకి వంగిందనుకో, ఫోకస్ లాగే నేను కూడా ఆమెతో వంగాలి, రింగు మీది వేళ్ళతో. స్టిల్ లెన్సు రింగు సగం చుట్టు కూడా తిరగదు. రెండు మీటర్లకీ మూడు మీటర్లకీ మధ్య వేలెడు జాగాలో ఎన్ని గుర్తులు పెట్టుకోను? సిఎన్-ఈలో రింగు 300 డిగ్రీలు తిరుగుతుంది. గుర్తులు విడివిడిగా, చేతికందేంత ఎడంగా ఉంటాయి. మొదటి టేకులో ఎక్కడ ఆగిందో తొమ్మిదో టేకులోనూ అక్కడే ఆగుతుంది. మనం కొనేది ఆ నమ్మకాన్ని, గాజుని కాదు.

అందుకే అంటాను, అది ఇద్దరి చేతుల కోసం చేసిన లెన్సు: ఒకడు ఫ్రేము చూసుకోవాలి, ఇంకొకడు ఫోకస్ లాగాలి. నీ దగ్గర ఆ రెండో మనిషి లేడు. పైగా సిఎన్-ఈలో ఆటోఫోకస్ లేదు. నీ కెనాన్ బాడీ మీద పాత 135 పెడితే మొహాన్ని అదే వెంటాడుతుంది. ఒంటరిగా తీసే రోజుల్లో అదే నీకు మేలు, ఎవరేమన్నా పట్టించుకోకు. చౌకగా కనబడుతుందని మొహమాటపడేవాళ్ళు మా ఫిల్మ్‌నగర్‌లోనే ఉన్నారు, మీ ఊళ్ళో కాదు!

అపర్చర్ సంగతి కూడా అడిగావు. ఎఫ్ నంబరు లెక్కగట్టి చెప్పేది, టీ నంబరు వెలుతురు కొలిచి చెప్పేది. ఎఫ్/2 లెన్సులోంచి నూటికి 83 పాళ్ళే బయటికొస్తే దాన్ని టీ2.2 అంటారు. వరుసగా లెన్సులు మార్చి తీసినప్పుడు షాట్లన్నీ ఒకే వెలుగులో కలవాలంటే టీ నంబరే కావాలి. షాట్ నడుస్తుండగా అపర్చర్ మార్చాల్సి వస్తే నీ స్టిల్ లెన్సు మెట్లుమెట్లుగా గెంతుతుంది, తెర మీద తెలిసిపోతుంది. సినిమా లెన్సులో రింగు మెత్తగా జారుతుంది. ఇంకా ఆ సిఎన్-ఈ వరుసలో బ్లాకులన్నిటికీ ముందు భాగం వెడల్పు 114 మిల్లీమీటర్లే, రింగుల మీది పళ్ళ చక్రాలూ ఒకే చోట ఉంటాయి. 50 తీసి 135 పెట్టినా లెన్సు ముందు ఎండ అడ్డే మ్యాట్ బాక్సు, ఫోకస్ మోటారు కదపక్కర్లేదు. పెద్ద యూనిట్‌లో ఇది చాలా టైము మిగులుస్తుంది. నలుగురున్న నీ యూనిట్‌కి అంత తేడా రాదులే.

మే నెలలో షూటింగ్ అన్నావు కదా, అక్కడే నాకు భయం. మధ్యాహ్నం ఇసుక తిన్నెల మీంచి టెలీ పెడితే వేడి గాలి అలలు అలలుగా లేచి మొహం కరిగిపోతున్నట్టు ఉంటుంది. ఎంత ఖరీదైన లెన్సయినా దానికి మందు లేదు. 1962 నాటి 'లారెన్స్ ఆఫ్ అరేబియా'లో కెమెరామన్ ఫ్రెడీ యంగ్ ఆ వేడినే వాడుకున్నాడు, 482 ఎంఎం లెన్సుతో ఎండమావిలోంచి ఒంటె మీద మనిషిని రప్పించాడు. నీ కథలో ఎండమావి లేదు కాబట్టి దూరపు షాట్లన్నీ ఎనిమిదింటి లోపే లాగించు.

ఘాట్ సీన్లు, ఆ తండ్రీకూతుళ్ళ పడవ సీను మాత్రం ఒకేచోట కలిపి షెడ్యూలు వెయ్యి. ఆ రోజులకే సినిమా 135, దానితోపాటు ఓ ఫోకస్ పుల్లర్. అద్దె చోట పెట్టె తెరిచాక తొందరపడకు. లెన్సు బాడీకి పెట్టి కాస్త కదిపి చూడు, లూజుగా ఆడితే వద్దను. కెమెరా మీద సున్నాకి అడ్డగీత ఉన్న గుర్తు దగ్గర టేపు పట్టి సరిగ్గా మూడు మీటర్లకి అక్షరాల కాగితం అతికించు. రింగు మూడు దగ్గర పెడితే అక్షరాలు పదునుగా ఉండాలి. లేకపోతే మాటల్లేవు, ఇంకోటి అడుగు. ట్రైపాడ్ హెడ్ కూడా గట్టిది తీసుకో, నీ పెళ్ళిళ్ళ ట్రైపాడ్ మీద 135 పెడితే గాలికే ఊగుతుంది.

ఫోకస్ పుల్లర్ ఎవరని వెతక్కు. తేదీలు పంపితే నేనే సెలవు పెడతాను. బత్తా అడగనులే గానీ, అత్తయ్య చేతి చేపల పులుసు లేకపోతే మాత్రం మొదటి రోజే ప్యాకప్.

నీ
రమణ